గోదావరికి గేజీ ఉంది, అభివృద్ధికి ఏది?

ప్రశ్న: వానాకాలంలో భద్రాచలం దగ్గర గోదావరి ఎన్ని అడుగులుందో మా ఊళ్లో అందరూ చెప్తారు. మా జిల్లా అభివృద్ధిలో ముందుకెళ్లిందని పేపర్లో చదివాను. అభివృద్ధిని ఎవరు కొలిచారు? దేంతో కొలిచారు? దానికీ అడుగులుంటాయా?
(దుమ్ముగూడెం మండలం నుంచి తొమ్మిదో తరగతి విద్యార్థిని)

జవాబు: అమ్మా, నీ ఉత్తరంలోని చివరి మాట దగ్గర చాలాసేపు ఆగిపోయాను. దానికీ అడుగులుంటాయా అన్న ఆ ప్రశ్ననే ఐక్యరాజ్యసమితిలో, ఢిల్లీలో గణాంకాల శాఖలో పెద్ద చదువులు చదివినవాళ్లు ముప్పై ఏళ్లకు పైగా అడుగుతున్నారు. వాళ్లు కాస్త బరువైన మాటల్లో అడుగుతారు, అంతే తేడా. కాబట్టి తొందరపడకుండా, నీకు తెలిసిన చోటి నుంచే మొదలుపెడదాం.

నీకు తెలిసిన చోటు గోదావరి. జూలై వచ్చిందంటే మీ వైపు మనుషుల నోట మూడు అంకెలు ఆడుతుంటాయి: 43, 48, 53. భద్రాచలం దగ్గర నీటిమట్టం 43 అడుగులు తాకితే మొదటి ప్రమాద హెచ్చరిక, 48 అయితే రెండోది, 53 అయితే మూడోది. మొదటి హెచ్చరికతో స్నానఘట్టాల దగ్గర జనాన్ని నదిలోకి దిగనివ్వరు. రెండోది దాటుతుంటే చర్ల, దుమ్ముగూడెం, కూనవరం వైపు రోడ్లు ఒక్కొక్కటే నీళ్ల కిందికి పోతుంటాయి. మూడోది వచ్చిందంటే లోతట్టు కాలనీలవాళ్లు మూటాముల్లె సర్దుకుని పునరావాస కేంద్రాలకు నడవాల్సిందే. 2022 జూలై 16న నీళ్లు 71.3 అడుగులకు వచ్చినప్పుడు నువ్వు చిన్నపిల్లవే అయినా ఆ రాత్రి గుర్తుండే ఉంటుంది. మీ తాతయ్యను అడిగితే 1986 ఆగస్టు 16 నాటి 75.6 అడుగుల మాట చెప్తాడు. ఇంతవరకు కొలిచినవాటిలో అదే పెద్దది.

ఇప్పుడు ఆ అంకెను కాసేపు విప్పి చూద్దాం. గోదావరి గురించి చెప్పుకోదగ్గ సంగతులు వందున్నాయి. ఎంత బురద మోసుకొస్తోంది, ఎన్ని దుంగలు కొట్టుకొస్తున్నాయి, ఎంత వేగంగా పారుతోంది. నీటిమట్టం చూపే గేజీ వీటిలో ఏదీ చెప్పదు. ఒక్క ఎత్తునే పట్టుకుంటుంది. అయినా ఊరంతా దాన్ని నమ్మి కదులుతుంది. ఎందుకని?

దానికి కదలని సున్నా ఒకటి ఉంది కాబట్టి. ఈ సున్నా సంగతి చిన్నది కాదు. పాల్వంచ దగ్గర కిన్నెరసాని జలాశయం నిండుమట్టం 407 అడుగులు. ఇక్కడ 53కే ఇళ్లు ఖాళీ చేస్తుంటే అక్కడ 407 ఏమిటని చిన్నప్పుడు నేను హడలిపోయాను. అది సముద్రమట్టం నుంచి వేసిన లెక్క అనీ, భద్రాచలంది నది దగ్గర నాటిన కొలబద్ద సున్నా నుంచి వేసిన లెక్క అనీ తర్వాతెప్పుడో తెలిసింది. సున్నా ఎక్కడుందో తెలియకుండా రెండు అంకెలను పక్కపక్కన పెడితే ఇలాంటి హడలే మిగులుతుంది. ఇంకో కారణం, ఆ కొలబద్దను నువ్వు చదివినా, కేంద్ర జల సంఘం ఉద్యోగి చదివినా ఒకే అంకె వస్తుంది. అన్నిటికన్నా ముఖ్యం, అంకెకో పని కట్టి ఉంది. 53 అన్నాక ఏం చెయ్యాలని ఎవరూ చర్చకు కూర్చోరు.

అయితే భద్రాచలం గేజీ ఒక్కటీ చాలదు. ఎగువన పేరూరు దగ్గర ఎంత ఉందో తెలిస్తే మన దగ్గరికి ఎంత రాబోతోందో ముందే అంచనా కట్టొచ్చు. దిగువన కూనవరం దగ్గర శబరి పోటెత్తిందనుకో, అది గోదావరిని ఎగదన్ని పట్టుకుంటుంది, ఇక్కడ నీళ్లు ఓ పట్టాన దిగవు. అంటే ఒకే వరద గురించి ఒక గేజీ రాబోయేది చెప్తుంది, ఒకటి ఇప్పటిది చెప్తుంది, ఇంకొకటి ఇది ఎంతకాలం నిలుస్తుందో చెప్తుంది. ఇలా ఒక్క చూపుకు అందని పెద్ద సంగతిని, కొలవడానికి వీలైన చిన్న సంగతితో తెలియజెప్పేదాన్ని సూచిక అంటారు. నీ ప్రశ్నకు సగం జవాబు ఇక్కడే ఉంది.

మిగతా సగం కష్టమైనది. నీళ్ల ఎత్తు కంటికి కనిపిస్తుంది. అభివృద్ధి ఎత్తు ఎక్కడ కనిపిస్తుంది?

పైగా ఆ మాటకు ముందు ‘సుస్థిర’ అని ఇంకో మాట తగిలించారు. దాని అర్థం మీ ఇళ్లలో అందరికీ తెలుసు. పాలమ్ముకుని నడిచే ఇల్లొకటి, గేదెను అమ్ముకుని నడిచే ఇల్లొకటి అనుకో. ఆ నెల చేతిలో ఆడే డబ్బు చూస్తే రెండో ఇంట్లోనే ఎక్కువ. తునికాకు సంగతి చూడు. ఎండలు ముదరకముందే తునికి మొక్కల కొమ్మలు కొట్టేస్తారు, అప్పుడు లేత చిగురు ఏపుగా వస్తుంది. ఏప్రిల్, మే నెలల్లో ఆ ఆకు కోసి, యాభై ఆకులకో కట్ట కట్టి కల్లంలో ఆరబెడతారు. వేరు జోలికి పోరు కాబట్టి వచ్చే ఏడు మళ్లీ ఆకు. ఈ ఏటి కూలీ వచ్చింది, వచ్చే ఏటి కూలీ చెడలేదు. సుస్థిరాభివృద్ధి అంటే అదే. మరి మన కొలత పాల డబ్బునూ గేదె డబ్బునూ విడదీసి చూపగలగాలి కదా.

ఎక్కువకాలంగా దేశాలు వాడుతున్న కొలత ఈ తేడా చూపదు. దానిపేరు స్థూల దేశీయోత్పత్తి, వార్తల్లో జీడీపీ. ఏడాదిలో దేశంలో తయారైన వస్తువులు, అందిన సేవల విలువ మొత్తం అది. ఇల్లెందు దగ్గర బొగ్గుందని విలియం కింగ్ అనే భూగర్భ శాస్త్రవేత్త 1870ల మొదట్లో గుర్తించాడు. 1889లో తవ్వకం మొదలైంది, 1920 నుంచి సింగరేణి కాలరీస్ అన్న పేరు నిలిచింది. ఒక టన్ను బొగ్గు తీసి అమ్మితే దాని విలువ ఆ లెక్కలో కలుస్తుంది. తవ్వే యంత్రం అరిగితే, నికర ఆదాయం లెక్కగట్టేటప్పుడు ‘తరుగు’ పేరుతో తీసేస్తారు. నేలలో బొగ్గు తరిగిన సంగతి మాత్రం ఎక్కడా తీసివేతగా కనిపించదు. యంత్రం కొత్తది కొనొచ్చు, బొగ్గును కొనుక్కొచ్చి మళ్లీ నేలలో పెట్టలేం. అయినా లెక్క యంత్రానికే బాధపడుతుంది! బొగ్గు తవ్వొద్దని నేననడం లేదు, ఆ కరెంటు దీపం కిందే ఈ జవాబు రాస్తున్నాను. గేదెను అమ్మిన డబ్బును పాలడబ్బుల పుస్తకంలో రాయొద్దని మాత్రమే అంటున్నాను. జాతీయాదాయం లెక్కలకు రూపమిచ్చిన సైమన్ కుజ్నెట్స్ కూడా 1934లోనే, ఈ అంకెను చూసి జనం బాగోగులు తేల్చలేమని అమెరికా చట్టసభకు ఇచ్చిన నివేదికలో హెచ్చరించాడు.

అందుకే 1992లో బ్రెజిల్‌లోని రియో డి జనీరోలో దేశాలన్నీ కూర్చున్నప్పుడు, అజెండా 21 అనే పత్రంలో 40వ అధ్యాయాన్ని ఈ పనికే కేటాయించి, సుస్థిరాభివృద్ధికి దేశాలు సూచికలు తయారుచేసుకోవాలని రాసుకున్నారు. 1996లో ఐక్యరాజ్యసమితి 134 సూచికల జాబితా ఇచ్చింది. కొన్ని దేశాలు వాటిని వాడి చూశాక, ఇన్ని మొయ్యడం కష్టమని తేలింది. 2001 నాటికి 58కి కుదించారు. 2015 సెప్టెంబరులో 193 దేశాలు 17 లక్ష్యాలు, వాటి కింద 169 ఉపలక్ష్యాలు ఒప్పుకున్నాయి. వాటిని కొలవడానికి 2017లో ఆమోదించిన సూచికలు 232. చూశావా, మళ్లీ పెరిగాయి. ఊరెళ్లేటప్పుడు ఇంటిల్లిపాదీ కలిసి పెట్టె సర్దినట్టే ఇది, ఎవరి వస్తువు వాళ్లకు ముఖ్యం.

ప్రపంచ జాబితాను ఉన్నదున్నట్టు తెచ్చుకుంటే మనకు సరిపోదు. వెనకటి రోజుల్లో ఈ ఊరి కుంచం, ఆ ఊరి కుంచం ఒకటి కాదు. ఏజెన్సీ సంతల్లో చింతపండు, ఇప్పపువ్వు తెచ్చిన కోయవాళ్లకు షావుకారు కుంచంతో కొలవడమంటే ఏమిటో బాగా తెలుసు. కొలత ఎవరి చేతిలో ఉందన్నది ఎప్పుడూ అడగదగ్గ ప్రశ్నే. మనదేశానికి నప్పే సూచికలు ఎంచే పని గణాంకాలు, కార్యక్రమాల అమలు మంత్రిత్వశాఖది. వాళ్లు 2018లో 306 సూచికలతో జాతీయ సూచికల చట్రం ఒకటి తయారుచేశారు. ఒక్కో ఉపలక్ష్యాన్ని ముందు పెట్టుకుని అడగాల్సిన ప్రశ్నలు కొన్నున్నాయి. ఇది మన దేశానికి వర్తిస్తుందా? ప్రపంచ సూచిక అలాగే పనికొస్తుందా, మార్చాలా? ఆ అంకె ఏ శాఖ దగ్గరుంటుంది? ఎన్నేళ్లకోసారి వస్తుంది? జనాభా లెక్కలు పదేళ్లకోసారి రావాలి. అడవి లెక్క డెహ్రాడూన్‌లోని అటవీ సర్వే సంస్థ రెండేళ్లకోసారి ఇస్తుంది. ఇంటింటికీ వెళ్లి అడిగే జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే కొన్నేళ్లకోసారి వస్తుంది. పేరు గొప్పగా ఉండి అంకె ఎప్పటికీ రాని సూచిక, నీళ్లు పారని కాలవకు తూము లాంటిది. అందుకే తర్వాతి ఏళ్లలో కొన్నిటిని తీసేసి, కొన్నిటిని సవరించి జాబితాను 300 లోపుకు తెచ్చారు. గణాంకవేత్త మహలనోబిస్ పుట్టినరోజైన జూన్ 29ని మనం గణాంకాల దినంగా జరుపుకుంటాం, ఆ రోజున ప్రగతి నివేదిక విడుదల చేస్తుంటారు.

జాబితా పక్కన పెట్టి ఒక్క సూచికను చేతిలోకి తీసుకుందాం. మీ వైపు వానాకాలం ఇంటింటికీ తెలిసిన మలేరియానే తీసుకుందాం. సూచిక చెప్పడానికి ఒక్క వాక్యం: వెయ్యి మంది జనాభాకు ఏడాదిలో నిర్ధారణ అయిన మలేరియా కేసులెన్ని? నువ్వు బళ్లో నేర్చుకున్న భిన్నమే ఇది. లవంలో కేసులు, హారంలో జనం. ఇప్పుడు రెండు ఊళ్లు ఊహించుకో. రెండింట్లోనూ వెయ్యేసి మంది. మొదటి ఊళ్లో ఆశా కార్యకర్త జ్వరమన్న ప్రతి ఇంటికీ వెళ్లి 300 మందికి రక్తపరీక్ష చేసింది, 15 మందికి మలేరియా తేలింది. రెండో ఊరికి వాగు దాటి ఎవరూ వెళ్లలేకపోయారు, తామే వచ్చిన 40 మందికే పరీక్ష జరిగింది, నలుగురికి తేలింది. సూచిక ప్రకారం మొదటి ఊరు 15, రెండోది 4. రెండో ఊరే ఆరోగ్యంగా ఉన్నట్టుంది. కానీ పరీక్ష చేసినవాళ్లలో చూస్తే? మొదటి ఊళ్లో నూటికి ఐదుగురు, రెండో ఊళ్లో నూటికి పదిమంది. కష్టపడి వెతికిన ఊరికి చెడ్డపేరు, వెతకని ఊరికి మంచిపేరు!

ఈ తిరకాసు మలేరియా శాఖవాళ్లకు ఎప్పటినుంచో తెలుసు. అందుకే ఏడాదిలో జనాభాలో కనీసం నూటికి పదిమందికైనా రక్తపరీక్ష జరిగిందా అన్న ఇంకో సూచికను దానిపక్కనే పెట్టుకున్నారు. ఒక సూచికకు ఇంకో సూచిక కాపలా అన్నమాట. పేపర్లో ఎక్కడైనా ‘మలేరియా తగ్గింది’ అని చదివితే, పరీక్షలు ఎన్ని చేశారని అడగడం మొండితనం కాదు, ఆ శాఖ తనకు తాను పెట్టుకున్న నియమమే.

ఇక అడవి. మీ ఇంటి ముందున్నది కాబట్టి దీని దగ్గర ఇంకొంచెం కూర్చుందాం. దేశ విస్తీర్ణంలో అడవి ఎంత శాతమన్నది ఒక సూచిక. మూడోవంతు ఉండాలన్నది 1988 జాతీయ అటవీ విధానం చెప్పిన మాట. వినడానికి ఎంతో సులువు. కానీ ‘అడవి’ అంటే ఏది? ఉపగ్రహం తీసిన బొమ్మలో హెక్టారుకు తగ్గని జాగాలో, నేల మీద పదోవంతుకు మించి చెట్ల నీడ పరుచుకుని ఉంటే దాన్ని అటవీ విస్తీర్ణం కింద రాస్తారు. ఆ నేల ఎవరిదని అడగరు. ఏ చెట్టని అడగరు. సారపాక కాగితం మిల్లు దగ్గరుండటంతో మీ చుట్టుపక్కల రైతులు సుబాబుల్, జామాయిల్ తోటలు వేస్తారు, కొన్నేళ్లకు కొట్టి అమ్ముతారు. పై నుంచి చూసే ఉపగ్రహానికి జామాయిల్ తోట నీడా, ఇప్ప, మద్ది, వెదురు కలిసిన పాత అడవి నీడా పచ్చగానే కనిపిస్తాయి. అలాగని ఆ సర్వేవాళ్లు మోసం చేస్తున్నారనుకోకు. రెండేళ్లకోసారి దేశమంతా ఒకే నియమంతో కొలవాలంటే ఇలాంటి పట్టుకోదగ్గ గుర్తు ఒకటి కావాలి. వాళ్లు దట్టమైన అడవినీ పలుచని అడవినీ విడిగా రాస్తారు కూడా. సమస్య మనం ఆ అంకెను చదివే తీరులో ఉంది. అది నీడ కొలత. మీ నాయనమ్మ ఇప్పపువ్వు ఏరడానికి పదేళ్ల కిందట ఎంత దూరం నడిచేది, ఇప్పుడెంత దూరం నడుస్తోంది అన్నది ఇంకో కొలత. దానికి గేజీ ఇంకా ఎవరూ నాటలేదు.

అడవి అనగానే పోడు గుర్తుకొస్తుంది. 2006 అటవీ హక్కుల చట్టం కింద 2023 జూన్‌లో తెలంగాణ ప్రభుత్వం నాలుగు లక్షల ఎకరాలకు పైగా పోడు భూములకు పట్టాలివ్వడం మొదలుపెట్టింది, అందులో మీ జిల్లా వాటా పెద్దది. ఇప్పుడు పట్టా వచ్చిన ఒక చేనును ఊహించుకో. పేదరికం లక్ష్యం కింద, భూమి మీద హక్కు దక్కిన కుటుంబాల లెక్కలో ఆ చేను కూడిక. అడవి లక్ష్యం కింద, చెట్ల నీడ ఉన్న జాగాల లెక్కలో అదే చేను తీసివేత. ఒకే చేను, రెండు గేజీలు, రెండూ నిజమే చెప్తున్నాయి. ఈ పీటముడిని దాచకుండా రెండంకెల్నీ పక్కపక్కన పెట్టి చూపితే సూచిక తన పని చేసినట్టే. ఏది ఎంత వదులుకోవాలో మనుషులు కూర్చుని తేల్చుకోవాలి, అంకె తేల్చిపెట్టదు.

వంటగ్యాస్ సంగతి త్వరగా చెప్పేస్తాను. ఎన్ని కనెక్షన్లిచ్చారన్నది ఒక అంకె, ఇంట్లో ఎక్కువగా దేనిమీద వండుతున్నారన్నది ఇంకో అంకె. మొదటిది శాఖ పుస్తకంలో దొరుకుతుంది, రెండోది పొయ్యి దాకా వెళ్లి అడిగితేనే దొరుకుతుంది. సిలిండరు మూలన పెట్టి కట్టెల పొయ్యి ఊదే ఇళ్లు నీకు తెలిసే ఉంటాయి. జాతీయ చట్రం రెండోదాన్నే ఎంచుకుంది. మంచి పని చేసింది.

కొన్ని కొలతలు దేశానికి చక్కగా నప్పుతాయి, జిల్లాకు నప్పవు. కాన్పు సమయంలో, ఆ వెనువెంటనే తల్లులు చనిపోవడం అలాంటిది. బిడ్డ బతికి పుట్టిన లక్ష కాన్పులకు 70 లోపుకు తేవాలన్నది ప్రపంచ లక్ష్యం. 2018-20 లెక్కల్లో దేశానికిది 97, తెలంగాణకు 43. మీ జిల్లాలో ఏడాదికి పదహారు పదిహేడు వేల కాన్పులు జరుగుతాయనుకుందాం. లక్షకు 43 చొప్పున లెక్కేస్తే ఏడుగురు. ఏదో ఒక ఏడు ఇద్దరు ఎక్కువైతే రేటు ఒక్కసారి యాభై దాటుతుంది, ఇద్దరు తగ్గితే ముప్పైకి పడుతుంది. ఆస్పత్రులు మారలేదు, రోడ్లు మారలేదు, అంకె మాత్రం కోతిలా గెంతుతుంది. అందుకే జిల్లా స్థాయిలో ఈ రేటు మీద ఆధారపడకుండా, నాలుగుసార్లు గర్భిణి పరీక్షలు జరిగాయా, కాన్పు ఆస్పత్రిలో జరిగిందా అని చూస్తారు. పేరూరు గేజీ గుర్తుందా? అలాంటివే ఇవి, ముందే చెప్పే సూచికలు. చనిపోయిన ఆ ఏడుగురి సంగతి మాత్రం రేటుతో పనిలేకుండా ఒక్కొక్కరిదీ విడిగా విచారించాలి.

ఇక నువ్వు పేపర్లో చదివిన వార్త దగ్గరికొద్దాం. 2018 జనవరిలో కేంద్రం వెనకబడ్డ జిల్లాలను ఏరి యాస్పిరేషనల్ జిల్లాలు, అంటే ఆకాంక్షిత జిల్లాలు అని పేరుపెట్టింది. మొత్తం 112. తెలంగాణ నుంచి మూడు: ఆసిఫాబాద్, భూపాలపల్లి, మీ భద్రాద్రి కొత్తగూడెం. నీతి ఆయోగ్ వీటిని 49 సూచికలతో చూస్తుంది. ఆరోగ్యం, పోషణకు నూటికి 30 మార్కులు, చదువుకు 30, వ్యవసాయం, నీళ్లకు 20, బ్యాంకు సేవలు, నైపుణ్యాలకు 10, రోడ్లు, కరెంటు వంటివాటికి 10. ఎక్కడ మొదలవుతుందో, ఎక్కడికి చేరాలో రెండు కొసలు పెట్టి మధ్యలో ఎంత దూరం వచ్చామన్నది మార్కు చేస్తారు. కింది కొస 40 శాతం, పైకొస 100 శాతం, మనం 70 దగ్గర ఉన్నామనుకో, సగం దూరం వచ్చాం కనుక 50 మార్కులు. ఇలా వేర్వేరు సంగతులను ఒకే కొలతకు మార్చి కూడతారు.

ఇక్కడ రెండు జాగ్రత్తలు. ‘డెల్టా ర్యాంకు’ అని వస్తుంటుంది. అది ఎత్తు చెప్పదు, ఆ మధ్యకాలంలో ఎంత పెరిగారో చెప్తుంది. గుమ్మం దగ్గర గోడమీద పిల్లల ఎత్తు గీతలు గీస్తారు కదా, ఆ ఏడాది అందరికన్నా ఎక్కువ పెరిగినవాడు అందరికన్నా పొడుగువాడు కానక్కర్లేదు. మీ జిల్లా ముందుకెళ్లిందన్న మాట నిజమే, అంత మాత్రాన హైదరాబాదు పక్కన నిలబడిందని కాదు. రెండోది కూడిక సంగతి. బ్యాంకు ఖాతాలు పెరిగి, పిల్లల బరువు పెరగకపోయినా మొత్తం మార్కు పెరగొచ్చు. వరదప్పుడు గోదావరి మట్టాన్నీ కిన్నెరసాని మట్టాన్నీ కలిపి సగటు చెప్తే మీ తాతయ్య ఊరుకుంటాడా?

సగటు చేసే అన్యాయానికి మీ పక్కనే పెద్ద ఉదాహరణ ఉంది. 2014లో పోలవరం ప్రాజెక్టు కోసం ఖమ్మం జిల్లా నుంచి ఏడు మండలాలు ఆంధ్రప్రదేశ్‌కు వెళ్లాయి. భద్రాచలం పట్టణం ఇటుండిపోయింది, దాన్ని ఆనుకుని ఉన్న ఎటపాక అటు పోయింది. చింతూరు, కూనవరం, వరరామచంద్రపురం తూర్పు గోదావరి జిల్లాలో చేరాయి. 2018లో జాబితా కట్టేనాటికి చింతూరుకు ఒకపక్క ఛత్తీస్‌గఢ్ సుక్మా ఆకాంక్షిత జిల్లా, ఇంకోపక్క ఒడిశా మల్కాన్‌గిరి ఆకాంక్షిత జిల్లా, ఇటు మీ జిల్లా కూడా అంతే. మధ్యనున్న చింతూరు కాదు. ఎందుకంటే అప్పుడది కోనసీమ కొబ్బరితోటలూ, కాకినాడ ఓడరేవూ ఉన్న జిల్లాలో భాగం, ఆ జిల్లా సగటు బాగుంది. అడవి అదే, జ్వరమదే, శబరి నదీ అదే. మారింది హారం ఒక్కటే. ఈ లోటు ఢిల్లీకి తెలియక కాదు, 2023లో జిల్లాలకు తోడు, జిల్లాకన్నా చిన్నవైన 500 బ్లాకులతో ఇంకో కార్యక్రమం మొదలుపెట్టింది అందుకే.

హద్దులు మారితే వచ్చే చిక్కు ఇంకొకటి. మీ జిల్లా పుట్టింది 2016 అక్టోబరు 11న. 2015-16 కుటుంబ ఆరోగ్య సర్వేలో ఉన్నది పాత ఖమ్మం, 2019లో మన దగ్గర జరిగిన తర్వాతి సర్వేలో ఖమ్మం వేరు, భద్రాద్రి కొత్తగూడెం వేరు. నాలుగేళ్లలో మీ జిల్లాలో ఏం మారిందని ఈ రెంటినీ పక్కపక్కన పెట్టి చెప్పబోతే, కొలబద్దను మధ్యలో పీకి వేరేచోట నాటినట్టు ఉంటుంది. హారంలో రాసే జనాభాకు ఆధారం కూడా చాలాకాలం 2011 నాటి లెక్కలే, 2021లో జరగాల్సినవి అప్పుడు జరగలేదు.

ఆ లెక్కల్లోనూ అందరూ ఉంటారా? ఛత్తీస్‌గఢ్‌లో 2005 తర్వాత, మావోయిస్టులకు ఎదురుగా నడిచిన సల్వాజుడుం కాలపు గొడవల్లో సరిహద్దు దాటొచ్చి అడవిలో గుడిసెలు వేసుకున్న కుటుంబాలు మీ చుట్టుపక్కల చాలా ఉన్నాయి. గొత్తికోయలంటారు. వాళ్ల గూడేలు చాలావరకు ఏ రెవెన్యూ గ్రామంగానూ నమోదు కాలేదు. నర్సమ్మ వాగు దాటి వెళ్లి వాళ్ల పిల్లలకు టీకాలు వేసిందనుకో. లవంలో ఆ పిల్లలు చేరారు, హారంలో లేరు. అప్పుడు టీకాలు నూటికి నూట నాలుగు వేసినట్టు వింత లెక్క వస్తుంది. ఆ వింత చూసి ఎవరో ఒకరు గూడెం పేరు రాసుకుంటారు. ఆమె వెళ్లలేదనుకో. లవంలోనూ లేరు, హారంలోనూ లేరు. శాతం ఏ మచ్చా లేకుండా చక్కగా కుదురుతుంది. నాకు భయం కలిగించేది ఈ రెండో లెక్కే.

కాబట్టి నీ ప్రశ్నకు జవాబు ఇదమ్మా: అభివృద్ధికి అడుగులున్నాయి, కానీ ఒక్క గేజీ లేదు. మూడువందల దాకా ఉన్నాయి, కొన్ని సరైనచోట నాటినవి, కొన్ని దూరంగా నాటినవి. వాటిలో చాలావాటికి 43, 48, 53 లాంటి గీతలు లేవు. అంకె వస్తుంది, వచ్చాక ఎవరు లేచి ఏం చెయ్యాలో రాసి ఉండదు.

నువ్వొక పని చెయ్యగలవేమో చూడు. దవాఖానా ఎన్ని కిలోమీటర్లన్నది లెక్కల్లో ఉంటుంది. వానాకాలంలో మీ ఊరి వాగు ఎన్ని రోజులు దారి మూసేస్తుందన్నది ఉండదు. ఒక నోటుబుక్కు తీసుకుని జూన్ నుంచి అక్టోబరు దాకా రోజూ రాయి. మోకాలి లోతైతే బడికి ఎంతమంది పిల్లలు రాలేదు, నడుం లోతైతే 108 బండి వాగుకు ఏ ఒడ్డున ఆగిపోయింది. నెలలు నిండిన వాళ్లను ఏ లోతు రాకముందే భద్రాచలం చేర్చాలో ఆశా అక్కతో కలిసి ఒక గీత అనుకోండి. సున్నా మాత్రం కదలని చోట పెట్టు, కల్వర్టు దిమ్మె ఉంటే మేలు. ఎక్కడ పెట్టాలో తోచకపోతే 86 వరద చూసినవాళ్లను వాగు దగ్గరికి తీసుకెళ్లి అడుగు, నీళ్లు ఎందాకా వచ్చాయో వాళ్లు చేత్తో చూపిస్తారు.